పుట్ట మీది తెల్లగొడుగు: ఒక చిన్న శిలీంద్రం పేర్ల చరిత్ర

ఉద్దేశ్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• గుర్తింపు, నామీకరణ, వర్గీకరణ అనే మూడు పనుల మధ్య తేడాను వివరించగలుగుతారు.
• టెర్మిటోమైసిస్ మైక్రోకార్పస్ అనే చిన్న తెల్ల పుట్టగొడుగు వేర్వేరు కాలాల్లో వేర్వేరు ప్రజాతుల్లోకి ఎందుకు మారిందో చెప్పగలుగుతారు.
• ఆధారాన్ని దాని స్థలం నుంచి వేరుచేస్తే చరిత్రకారునికి, శాస్త్రవేత్తకు కలిగే నష్టాన్ని చర్చించగలుగుతారు.
• ప్రజల వాడుకలోని పేరుకు, శాస్త్రీయ నామానికి ఉన్న విలువను, పరిమితిని అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం

వానాకాలంలో మంచి వాన పడిన కొద్ది రోజులకు చెదపుట్టల చుట్టూ, చెదలున్న నేల మీద ఒక్కోసారి వందల సంఖ్యలో చిన్న తెల్ల గొడుగులు లేస్తాయి. ఒక్కొక్కటి చిటికెనవేలి గోరంత నుంచి రూపాయి బిళ్ళంత వరకు ఉంటుంది. రెండు మూడు రోజుల్లో వాడిపోయి కనిపించకుండా పోతాయి. 'పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి' అన్న మన నానుడికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఈ చిన్న శిలీంద్రానికి నేడు వాడుకలో ఉన్న శాస్త్రీయ నామం టెర్మిటోమైసిస్ మైక్రోకార్పస్. 1871 నుంచి 1945 వరకు దీన్ని కనీసం ఆరు ప్రజాతుల్లో పెట్టారు: అగారికస్, ఎంటోలోమా, కొలీబియా, మైసీనా, టెర్మిటోమైసిస్, పోడాబ్రెల్లా. నేల మీద లేచే గొడుగు మాత్రం ఈ కాలమంతా ఒక్కటే. మరి పేరు ఇన్నిసార్లు ఎందుకు మారింది? శాస్త్రవేత్తలు అజాగ్రత్తగా పనిచేశారా? లేక ప్రతి తరమూ తనకు అందిన ఆధారంతో, తన ప్రశ్నకు తగిన సమాధానం ఇచ్చిందా?

ఈ యూనిట్‌లో మన వాదం రెండోది. శాస్త్రీయ నామం కూడా ఒక చారిత్రక పత్రం వంటిదే. దాన్ని ఎవరు రాశారు, ఏ కాలంలో రాశారు, ఏ ఆధారం చూసి రాశారు అని అడిగితేనే దాని అర్థం తెలుస్తుంది. ఈ చరిత్రలో అసలు మలుపు పరిశోధకుల చూపు ఎండిన నమూనా నుంచి అది మొలిచిన నేల వైపు తిరిగినప్పుడు వచ్చింది.

2. మూడు వేర్వేరు పనులు

చాలామంది గుర్తింపు, నామీకరణ, వర్గీకరణలను ఒకే పనిగా భావిస్తారు. ఇవి మూడు వేర్వేరు పనులు.

గుర్తింపు అంటే మన చేతిలో ఉన్న వస్తువు ఇప్పటికే తెలిసిన జాతుల్లో ఏదో తేల్చడం. నామీకరణ అంటే ఒక జాతికి నియమాల ప్రకారం పేరు పెట్టడం. వర్గీకరణ అంటే ఆ జాతికి దగ్గరి బంధువులు ఎవరో నిర్ణయించి, తగిన ప్రజాతిలో, కుటుంబంలో చేర్చడం. గుర్తింపు సరిగా ఉండి వర్గీకరణ మారవచ్చు. మన ఉదాహరణలో ఎక్కువగా జరిగింది అదే.

శాస్త్రీయ నామం వెంట రాసే వ్యక్తుల పేర్లు ఈ మార్పును నమోదు చేస్తాయి. ఈ జాతి పూర్తి నామంలో బర్క్‌లీ, బ్రూమ్ అనే ఇద్దరి పేర్లు కుండలీకరణాల్లోనూ, హైమ్ పేరు వాటి బయటా ఉంటాయి. అంటే జాతిని మొదట వర్ణించినవారు బర్క్‌లీ, బ్రూమ్‌లు. దాన్ని నేటి ప్రజాతిలోకి మార్చినవాడు హైమ్. ఒక శాసనంలో మొదట దానం చేసిన రాజు పేరు, ఆ దానాన్ని తరువాత స్థిరపరచిన రాజు పేరు రెండూ ఉన్నట్లే ఇక్కడా రెండు కాలాలు ఒకే పంక్తిలో ఉన్నాయి.

3. శిలీంద్రాలను ఎక్కడ చేర్చాలి?

18వ శతాబ్దంలో శిలీంద్రాల స్థానమే సందేహంగా ఉండేది. 1729లో ఇటలీకి చెందిన మికెలీ పుట్టగొడుగుల సిద్ధబీజాలను గమనించి, వాటిని పుచ్చ జాతి పండు ముక్కల మీద చల్లి శిలీంద్రాలు పెరగడం చూశాడు. అయినా అవి కుళ్ళు నుంచి వాటంతట అవే పుడతాయన్న నమ్మకం చాలా కాలం పోలేదు. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో ప్రచురించిన గ్రంథంలో శిలీంద్రాలను పూలు లేని మొక్కలతో కలిపి చివరి తరగతిలో పెట్టాడు. గొడుగు అడుగున పటలికలు ఉన్నవాటిని దాదాపు అన్నింటినీ అగారికస్ అనే ఒకే ప్రజాతిలో చేర్చాడు. తరువాతి ఒక గ్రంథంలో శిలీంద్రాల బీజాలకు సంబంధించిన ఒక పద్దును 'కేయాస్', అంటే గందరగోళం, అనే ప్రజాతి కింద నమోదు చేశాడు.

ఈ గందరగోళంలో క్రమాన్ని తెచ్చినవారిలో ముఖ్యుడు మరో స్వీడన్ శాస్త్రవేత్త ఎలియాస్ ఫ్రీస్. 1821 నుంచి 1832 వరకు వెలువడిన తన గ్రంథంలో ఆయన అగారికస్‌ను సిద్ధబీజాల రంగును బట్టి విభజించాడు. తెలుపు, గులాబీ, గోధుమ, ఊదా, నలుపు రంగులు ఆ విభజనకు మూలం. పైకి తెల్లగా కనిపించే గొడుగు గులాబీ రంగు బీజాలను రాల్చవచ్చు; అచ్చం అలాగే కనిపించే మరొకటి నల్ల బీజాలను రాల్చవచ్చు. 'చిన్నది, తెల్లది' అనే రెండు మాటలు గుర్తింపుకు ఎంత బలహీనమైన ఆధారాలో ఫ్రీస్ పద్ధతి చూపింది. రంగు చూసి పేరు పెట్టే అలవాటును ఆయన వదలలేదు. ఏ భాగం రంగు చూడాలన్నది మార్చాడు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
1. గుర్తింపుకు, వర్గీకరణకు మధ్య తేడా ఏమిటి?
2. ఫ్రీస్ అగారికస్ ప్రజాతిని ఏ లక్షణం ఆధారంగా విభజించాడు?

4. కోరమాండల్ తీరంలో ఒక పరిశీలన

చెదలకు, శిలీంద్రాలకు ఉన్న సంబంధాన్ని తొలిగా రాసిపెట్టిన యూరోపియన్లలో ఒకడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. లిన్నేయస్ శిష్యుడైన ఈ వైద్యుడు 1768లో డేనిష్ వారి స్థావరమైన తరంగంబాడికి వచ్చాడు. తరువాత ఆర్కాటు నవాబు కొలువులోనూ, ఆపైన ఈస్టిండియా కంపెనీలో ప్రకృతి పరిశోధకుడిగానూ పనిచేశాడు. దక్షిణ భారతంలోని చెదల మీద ఆయన రాసిన జర్మన్ వ్యాసం 1779లో బెర్లిన్‌లో వెలువడింది. పుట్ట లోపల కనిపించే తెల్లని శిలీంద్రాలు చెదపిల్లలకు ఆహారం కావచ్చునని ఆయన ఊహించాడు. 1781లో హెన్రీ స్మీత్‌మన్ ఆఫ్రికా చెదల మీద లండన్ రాయల్ సొసైటీకి సమర్పించిన ప్రసిద్ధ నివేదికలో కోనిగ్ ఊహను ప్రస్తావించాడు.

కోనిగ్ చివరి రోజులకు తెలుగు నేలతో సంబంధం ఉంది. 1785లో ప్రయాణంలో జబ్బుపడి, కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో మరణించాడు. అప్పుడు సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్ ఆయనను చూసుకున్నాడు. కోనిగ్ కాగితాలు ఆయన కోరిక ప్రకారం లండన్‌లోని జోసెఫ్ బ్యాంక్స్‌కు చేరాయి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. కోనిగ్ పుట్టను తవ్వి చూశాడు. శిలీంద్రాన్ని దాని ఇంట్లోనే చూశాడు గనుక ఆయన ప్రశ్న 'దీని పేరేమిటి?' దగ్గర ఆగలేదు. 'ఇది ఇక్కడ ఏం చేస్తోంది?' అని కూడా అడిగాడు. తరువాతి వంద సంవత్సరాల్లో మొదటి ప్రశ్నకు ఎక్కువ సమాధానాలు వచ్చాయి. రెండో ప్రశ్న వెనకబడింది.

5. పెరదేనియ నుంచి ఇంగ్లండుకు

19వ శతాబ్దంలో వలస దేశాల వృక్షశాస్త్రం ఒక నిర్దిష్టమైన ఏర్పాటు మీద నడిచింది. సేకరణ ఇక్కడ, వర్ణన అక్కడ. సిలోన్ (నేటి శ్రీలంక)లో కాండీ నగరం దగ్గర పెరదేనియ వృక్షోద్యానం ఉంది. 1849లో దాని బాధ్యత చేపట్టిన జార్జ్ థ్వెయిట్స్ మూడు దశాబ్దాలు అక్కడే పనిచేశాడు. డి ఆల్విస్ కుటుంబానికి చెందిన సింహళ చిత్రకారులు ఆ తోటలో మొక్కల బొమ్మలు వేసేవారు. థ్వెయిట్స్ సేకరించిన శిలీంద్రాలు ఎండబెట్టిన నమూనాలుగా ఇంగ్లండుకు వెళ్ళేవి.

అక్కడ వాటిని పరిశీలించినవాడు మైల్స్ జోసెఫ్ బర్క్‌లీ అనే క్రైస్తవ మతాచార్యుడు. ఐర్లండు కరువుకు కారణమైన బంగాళాదుంప తెగులు వెనుక శిలీంద్రం ఉందని 1846లోనే వాదించిన సమర్థుడు ఆయన. క్రిస్టఫర్ బ్రూమ్‌తో కలిసి ఆయన సిలోన్ శిలీంద్రాలను లండన్ లిన్నేయన్ సొసైటీ పత్రికలో వర్ణించాడు. మన చిన్న తెల్లగొడుగు 1871లో అగారికస్ మైక్రోకార్పస్ అనే పేరుతో అందులో చోటు చేసుకుంది. 'మైక్రోకార్పస్' గ్రీకు మాటల నుంచి వచ్చింది. 'చిన్న ఫలం గలది' అని అర్థం.

ఈ పేరులో చిన్నతనం ఉంది, చెదలు లేవు. దీనికి బర్క్‌లీని తప్పుపట్టడం సులువు, కాని న్యాయం కాదు. ఆయన చేతికి అందింది ముడుచుకుపోయిన, రంగు మారిన ఎండు గొడుగు. మెత్తని పుట్టగొడుగు ఎండితే దాని ఆకారం, వాసన, తాజా రంగు పోతాయి. అన్నింటికంటే ముఖ్యంగా అది నిలిచిన నేల పోతుంది. తవ్వకంలో దొరికిన నాణేన్ని ఏ పొరలో దొరికిందో రాయకుండా ప్రదర్శనశాలకు పంపితే ఏమవుతుందో ఆలోచించండి. నాణెం మీది అక్షరాలు చదవవచ్చు. అది అక్కడికి ఎలా చేరిందో చెప్పలేం. హెర్బేరియంలోని నమూనాకూ ఇదే పరిమితి ఉంది.

అయినా ఆ ఎండు నమూనా విలువ తక్కువది కాదు. ఒక పేరు ఏ వస్తువుకు చెందుతుందో తేల్చడానికి భద్రపరచిన మూల నమూనాయే చివరి సాక్ష్యం. బర్క్‌లీ తన శిలీంద్ర సేకరణను 1879లో క్యూ ఉద్యానవనానికి ఇచ్చాడు. అలాంటి సేకరణలు ఉండబట్టే తరువాతివారు పాత పేర్లను సరిచూడగలిగారు.

6. ఒక ప్రజాతి నుంచి మరో ప్రజాతికి

ఫ్రీస్ తరువాతి తరం ఆయన చేసిన విభాగాలను క్రమంగా విడి ప్రజాతులుగా పెంచింది. ఒకప్పుడు వేల జాతులను కలుపుకొన్న అగారికస్ చిన్నదైపోయింది. అందులోని జాతులకు కొత్త ఇళ్ళు వెతకవలసి వచ్చింది.

ఇటలీలోని పాడువాకు చెందిన సకార్డో అప్పటివరకు తెలిసిన శిలీంద్రాలన్నింటినీ ఒక మహాసంకలనంలో కూర్చే పనిని 1882లో మొదలుపెట్టాడు. 1887లో వెలువడిన దాని అయిదో సంపుటంలో మన జాతి ఎంటోలోమా ప్రజాతిలో కనిపిస్తుంది. ఎంటోలోమా సిద్ధబీజాలు గులాబీ రంగువి. మన జాతి బీజాలూ అంతే. ఈ పోలిక వరకు నిర్ణయం సబబే. అయితే సూక్ష్మదర్శిని కింద ఎంటోలోమా బీజాలు కోణాలుగా ఉంటాయి. మన జాతి బీజాలు నున్నగా, కోడిగుడ్డు ఆకారానికి దగ్గరగా ఉంటాయి. కాబట్టి ఈ ఇల్లు సరిపోలేదు.

ఆస్ట్రియాకు చెందిన హోనెల్ దీన్ని కొలీబియాలో, ఫ్రాన్స్‌కు చెందిన పటూయార్ మైసీనాలో చేర్చారు. ఈ రెండూ సన్నని కాడ, చిన్న గొడుగు గల జాతులకు పేరుపడ్డ ప్రజాతులు. ఆకారం వరకు పోలిక కుదిరింది. కాని వాటి బీజాలు లేతవి లేదా తెల్లవి. ఈసారి రంగు దగ్గర పేచీ వచ్చింది.

అంటే సమస్య శాస్త్రవేత్తల తెలివిలో లేదు. బీజాల రంగుకు పెద్దపీట వేస్తే ఒక ఇల్లు, ఆకారానికి వేస్తే మరో ఇల్లు. ఏ లక్షణానికి ఎంత బరువు ఇవ్వాలో చెప్పగల మూడో ఆధారం వారి ముందు లేదు. ఆ ఆధారం పుట్టలో ఉంది.

7. మళ్ళీ నేల వైపు

1905లో థామస్ పెచ్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త పెరదేనియలో ప్రభుత్వ శిలీంద్ర శాస్త్రజ్ఞుడిగా చేరాడు. ఎండు నమూనాలు చూసి దూరాన రాసిన వర్ణనలను, అక్కడ సజీవంగా లేచే గొడుగులతో పోల్చి సరిదిద్దడం ఆయన చేసిన పెద్ద పని. 'సిలోన్ శిలీంద్రాల పునఃపరిశీలన' అనే అర్థం వచ్చే శీర్షికతో ఆయన వ్యాసాలు వరుసగా వెలువడ్డాయి. వాటితోపాటు 1906లో చెదగూళ్ళలోని శిలీంద్రాల మీద సుదీర్ఘమైన అధ్యయనాన్ని ప్రచురించాడు.

పుట్ట లోపల ఏముంటుందో ఇక్కడ కొంచెం వివరంగా తెలుసుకోవాలి. శిలీంద్రాన్ని పెంచే చెదలు కట్టెను, ఎండుటాకును, గడ్డిని తిని, పూర్తిగా జీర్ణంకాని ఆ పదార్థంతో లోపలి గదుల్లో తేనెతుట్టెను పోలిన తుట్టెలు కడతాయి. ఆ తుట్టె మీద శిలీంద్ర తంతువులు అల్లుకుంటాయి. గసగసాల వంటి తెల్లని గుళికలు పుడతాయి. కట్టెలోని గట్టి పదార్థాన్ని శిలీంద్రం విడగొడుతుంది. గుళికలను, పాతబడిన తుట్టెను చెదలు తింటాయి. కోనిగ్ ఊహ దాదాపు సరైన దారిలోనే ఉంది.

చెదలు కాపాడుతున్నంత కాలం తుట్టె మీద ఈ ఒక్క శిలీంద్రమే ప్రధానంగా పెరుగుతుంది. చెదలను తీసేసి తుట్టెను గాజు మూత కింద ఉంచితే, నల్లని కాడల్లాంటి జైలేరియా అనే వేరే శిలీంద్రం దాన్ని ఆక్రమిస్తుంది. అందుకే తెల్లని గుళికలు ఈ రెండింటిలో దేనివి అన్న చర్చ చాలా కాలం నడిచింది.

పుట్టల మీద లేచే పెద్ద జాతులకు నేలలోకి దిగే పొడవైన వేరులాంటి భాగం ఉంటుంది. జాగ్రత్తగా తవ్వుకుంటూ పోతే అది తుట్టె దగ్గరికి చేరుతుంది. మన చిన్న జాతికి అలాంటి వేరు లేదు. కారణం ఏమిటంటే, చెదలు తుట్టె తునకలను బయటికి మోసుకొచ్చి నేల మీద పలుచగా పరుస్తాయి. ఆ తునకల మీదే చిన్న గొడుగులు గుంపులుగా లేస్తాయి. తుట్టె పైకే వచ్చింది గనుక లోపలికి దిగే వేరు అవసరం లేదు. పీకి, మట్టి దులిపి, ఎండబెట్టిన నమూనాలో ఈ సంబంధం మొత్తం రాలిపోతుంది. మట్టితో కలిపి చూసినవానికే అది కనిపిస్తుంది.

8. హైమ్ ప్రజాతి, సింగర్ అభ్యంతరం

ఫ్రాన్స్ శాస్త్రవేత్త రోజే హైమ్ ఆఫ్రికాలోని చెదపుట్టల మీది శిలీంద్రాలను అధ్యయనం చేసి, 1942లో వాటికోసం టెర్మిటోమైసిస్ అనే కొత్త ప్రజాతిని ఏర్పరచాడు. 'చెదల శిలీంద్రం' అని దాని అర్థం. గులాబీ బీజాలు, గొడుగు నడిమి బొడిపె, చెదల తుట్టెతో సంబంధం అనే లక్షణాలు ఈ ప్రజాతిలో కలిశాయి. సిలోన్‌లో దొరికిన చిన్న జాతిని కూడా హైమ్ ఇందులోకి మార్చాడు. అప్పుడు పారిస్ జర్మన్ల ఆక్రమణలో ఉంది. ప్రతిఘటన ఉద్యమంలో ఉన్న హైమ్‌ను తరువాత నాజీలు నిర్బంధ శిబిరాలకు పంపారు. 1945లో ప్రాణాలతో బయటపడి, ఆపైన పారిస్ ప్రకృతి చరిత్ర మ్యూజియానికి అధిపతి అయ్యాడు. 1979లో తమిళనాడు నుంచి కె. నటరాజన్ వర్ణించిన ఒక పెద్ద జాతికి టెర్మిటోమైసిస్ హైమీ అనే పేరు పెట్టడం ఆయన గౌరవార్థమే.

అయితే వివాదం ముగియలేదు. 1945లో రోల్ఫ్ సింగర్ ఈ చిన్న జాతికోసం పోడాబ్రెల్లా అనే విడి ప్రజాతిని ప్రతిపాదించాడు. నేలలోకి దిగే వేరులాంటి భాగం లేకపోవడం ఒక ముఖ్యమైన తేడా అన్నది ఇక్కడి వాదం. హైమ్ బంధుత్వాన్ని చూస్తే, సింగర్ భేదాన్ని చూశాడు. ఇద్దరి పరిశీలనా నిజమే. ఏది ఎక్కువ ముఖ్యం అన్నదే ప్రశ్న.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
1. మన జాతికి నేలలోకి దిగే వేరులాంటి భాగం ఎందుకు లేదు?
2. హైమ్, సింగర్‌ల మధ్య అభిప్రాయభేదం దేని గురించి?

9. జన్యువులు చేర్చిన సాక్ష్యం

20వ శతాబ్దం చివరికి డి.ఎన్.ఏ. పోలిక ద్వారా బంధుత్వాన్ని పరీక్షించడం సాధ్యమైంది. శిలీంద్రాలు మొక్కల కంటే జంతువులకే దగ్గరి బంధువులని 1993లో ప్రచురితమైన పరిశోధన చూపింది. వృక్షశాస్త్ర పత్రికల్లో, వృక్షోద్యానాల్లో రెండు శతాబ్దాలు గడిపిన జీవుల విషయంలో ఇది చిన్న మాట కాదు.

2002లో డ్యూర్ ఆనెన్, ఆయన సహచరులు చెదల జన్యువులను, వాటి శిలీంద్రాల జన్యువులను కలిపి పరిశీలించారు. చెదలు శిలీంద్రాలను పెంచడం ఒకే ఒక్కసారి, ఆఫ్రికాలో మొదలైందని తేల్చారు. టాంజానియాలో దొరికిన శిలాజ తుట్టెలు ఈ సాగు కనీసం 2.5 కోట్ల సంవత్సరాల నాటిదని చెబుతున్నాయి. మనిషి వ్యవసాయానికి వయసు సుమారు 12 వేల సంవత్సరాలు మాత్రమే. ఈ శిలీంద్రాలన్నీ ఒకే మూలం నుంచి వచ్చినవని తేలడంతో హైమ్ నిర్ణయానికి బలం చేకూరింది. నేడు మన జాతిని సాధారణంగా టెర్మిటోమైసిస్‌లోనే, లయోఫిల్లేసీ కుటుంబంలో చేరుస్తున్నారు. 1980లో జాంబియా నుంచి వర్ణించిన టెర్మిటోమైసిస్ టైటానికస్ గొడుగు దాదాపు ఒక మీటరు వెడల్పు వరకు పెరుగుతుంది. చిటికెనవేలి గోరంత గొడుగు, మీటరు గొడుగు ఒకే ప్రజాతివి! పరిమాణం బంధుత్వానికి కొలమానం కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

10. 'పుట్టగొడుగు' అనే మాట

హైమ్ పెట్టిన ప్రజాతి పేరును తెలుగులోకి మారిస్తే 'చెదల శిలీంద్రం'. మన భాషలో ఎప్పటి నుంచో ఉన్న మాట 'పుట్టగొడుగు'. శాస్త్రీయ నామంలోకి చెదలు 1942లో వచ్చాయి. తెలుగు మాటలో పుట్ట ముందే ఉంది. ఏరుకుని వండుకునేవారికి గొడుగు ఎక్కడ లేస్తుందన్నది మొదట తెలియవలసిన విషయం. కాబట్టి స్థలమే పేరయింది.

అయితే దీన్ని అతిగా పొగడడమూ పొరపాటే. పుట్టకు, గొడుగుకు సంబంధం ఉందని ఈ మాట చెబుతుంది. ఆ సంబంధం ఎలాంటిదో చెప్పదు. ఈనాడు మన వాడుకలో పుట్టతో సంబంధం లేని వాటినీ, షెడ్లలో పెంచి అంగట్లో అమ్మే తెల్ల బటన్ రకాన్నీ పుట్టగొడుగులనే అంటున్నాం. మాట నిర్మాణాన్ని బట్టి చూస్తే దాని అర్థం కాలక్రమంలో వెడల్పయింది. అగారికస్ విషయంలో దీనికి సరిగ్గా వ్యతిరేకం జరిగింది. ఒకప్పుడు పటలికలున్న గొడుగులన్నింటికీ చెందిన ఆ పేరు చివరికి ఒక చిన్న బృందానికి పరిమితమైంది. విశేషమేమిటంటే, అంగట్లోని తెల్ల బటన్ రకం ఆ బృందంలోనిదే. ప్రజల మాటలకూ, శాస్త్రవేత్తల మాటలకూ రెండింటికీ చరిత్ర ఉంటుంది. దేన్నీ మారని సత్యంగా తీసుకోరాదు.

ఈ చరిత్రలో పేర్లు నమోదైనవారు కొందరే. వాన పడ్డాక ఏ గట్టు మీద ఏ గొడుగు లేస్తుందో తెలిసి, సేకర్తలకు దారి చూపిన పల్లె జనం పేర్లు శాస్త్రీయ నామాల చివర ఉండవు. పత్రాలలో లేనంత మాత్రాన ఆ జ్ఞానం లేదని కాదు. మౌఖిక ఆధారాల గురించి మీరు చదివిన విషయాలు ఇక్కడా వర్తిస్తాయి.

11. ఈనాడు గుర్తించే పద్ధతి

ఈ జాతిని గుర్తించడానికి పరిశీలకులు ఒక లక్షణం మీద ఆధారపడరు. లక్షణాల సముదాయాన్ని చూస్తారు. గొడుగు వెడల్పు సాధారణంగా రెండున్నర సెంటీమీటర్ల లోపు ఉంటుంది. నడుమ చిన్న బొడిపె, తెలుపు లేదా లేత బూడిద రంగు, విచ్చుకున్నాక తరచు చీలే అంచు ఉంటాయి. దగ్గర దగ్గరగా ఉండే పటలికలు మొదట తెల్లగా ఉండి, బీజాలు పండేకొద్దీ గులాబీ ఛాయకు తిరుగుతాయి. కాడ సన్నగా ఉంటుంది. దానికి ఉంగరం ఉండదు, అడుగున సంచి ఉండదు. గుంపులుగా, చెదలు పరిచిన తుట్టె తునకల మీద లేస్తుంది.

సిద్ధబీజాల రంగు తెలుసుకోవడానికి కాడ తీసేసిన గొడుగును పటలికలు కిందికి వచ్చేలా కాగితం మీద పెట్టి, గిన్నెతో మూసి రాత్రంతా ఉంచుతారు. సగం తెలుపు, సగం నలుపు కాగితమైతే ఏ రంగు పొడి అయినా కనిపిస్తుంది. ఈ సులువైన పరీక్ష ఎన్నో పొరపాట్లను ఆపుతుంది. ఉదాహరణకు కొప్రినెల్లస్ డిసెమినేటస్ అనే చిన్న గొడుగులు కూడా వందల సంఖ్యలో గుంపుగా లేస్తాయి. కాని వాటి బీజాలు నల్లగా ఉంటాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ పాఠం చదివి పుట్టగొడుగులు ఏరి తినరాదు. తెల్లని గొడుగుల్లో ప్రాణం తీసేవి ఉన్నాయి. పచ్చిక బయళ్ళలో లేచే క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్ అనే విషజాతి పటలికలు లేతగా ఉన్నప్పుడు తెల్లగానే ఉంటాయి. ఆకుపచ్చ ఛాయ తరువాత వస్తుంది. వెండి నాణెం నల్లబడితే విషమని, వెల్లుల్లి రంగు మారకపోతే మంచిదని, పురుగు తిన్నది మనిషీ తినవచ్చని చెప్పే పరీక్షలకు శాస్త్రీయమైన ఆధారం లేదు. తెలియని గొడుగు తిని వాంతులు, విరేచనాలు మొదలైతే, మిగిలిన ముక్కను వెంట తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. కొన్ని ప్రాణాంతక జాతుల విషయంలో లక్షణాలు కొన్ని గంటల తరువాతే మొదలవుతాయి. మధ్యలో తగ్గినట్లు కనిపించినా ప్రమాదం పోయినట్లు కాదు.

12. సారాంశం

చెదపుట్టల దగ్గర లేచే ఒక చిన్న తెల్ల శిలీంద్రం 1871లో అగారికస్ మైక్రోకార్పస్‌గా శాస్త్రంలోకి వచ్చింది. బీజాల రంగును ముఖ్యంగా తీసుకున్నప్పుడు ఎంటోలోమాలోకి, ఆకారం వైపు మొగ్గినప్పుడు కొలీబియా, మైసీనాలలోకి మారింది. 1942లో హైమ్ చెదలతో ఉన్న సంబంధాన్ని ప్రజాతి పేరులోకే తెచ్చాడు. సింగర్ దాన్ని విడదీయాలని చూశాడు. జన్యు పరిశోధన హైమ్ చూపిన బంధుత్వాన్ని బలపరచింది. ప్రతి పేరూ తన కాలానికి అందిన ఆధారం మీద ఇచ్చిన తీర్పు. కొత్త ఆధారం వస్తే తీర్పును తిరిగి విచారించడం శాస్త్రానికీ చరిత్రకూ ఉమ్మడి ధర్మం. ఆధారాన్ని సేకరించేటప్పుడు దాని స్థలాన్ని, సందర్భాన్ని కూడా రాసుకోవాలన్నది ఈ చిన్న గొడుగు నేర్పే పాఠం.

13. ముఖ్య పదాలు

పటలికలు: గొడుగు అడుగున అరల్లా ఉండి సిద్ధబీజాలను మోసే పలుచని పొరలు.
సిద్ధబీజం: శిలీంద్రం వ్యాపించడానికి తోడ్పడే సూక్ష్మకణం.
ప్రజాతి: దగ్గరి బంధుత్వం గల జాతుల సముదాయం.
మూల నమూనా: ఒక శాస్త్రీయ నామం ఏ జీవికి చెందుతుందో స్థిరపరచే భద్రపరచిన నమూనా.
హెర్బేరియం: ఎండబెట్టిన నమూనాలను వివరాలతో భద్రపరచే చోటు.
తుట్టె: చెదలు శిలీంద్రాన్ని పెంచడానికి పుట్ట లోపల కట్టే నిర్మాణం.

14. నమూనా పరీక్ష ప్రశ్నలు

అ) ఈ ప్రశ్నలకు సుమారు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. టెర్మిటోమైసిస్ మైక్రోకార్పస్ వర్గీకరణలో వచ్చిన మార్పులను కారణాలతో వివరించండి.
2. 'సేకరణ ఇక్కడ, వర్ణన అక్కడ' అనే వలసకాలపు ఏర్పాటు వల్ల శాస్త్రానికి కలిగిన లాభనష్టాలను చర్చించండి.

ఆ) ఈ ప్రశ్నలకు సుమారు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. కోనిగ్ పరిశీలన ప్రాముఖ్యాన్ని తెలపండి.
2. 'పుట్టగొడుగు', 'అగారికస్' అనే మాటల అర్థాలు మారిన తీరును పోల్చండి.
3. మీ ప్రాంతంలో పుట్టగొడుగులకు వాడే పేర్లను పెద్దవారిని అడిగి సేకరించండి. ప్రతి పేరుకు ఎవరు చెప్పారో, ఏ ఊరిలో చెప్పారో, ఆ గొడుగు ఎక్కడ లేస్తుందన్నారో తప్పక రాయండి.